మూడో రోజు దాకా ఆగని ఖైరున్నీసా

ప్రొద్దుటూరులో మా వీధిలో అన్నం ఉడికేలోపల మూడుసార్లు మూత తీసి చూసే మనిషి ఒకతే ఉంది. పేరు ఖైరున్నీసా. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే దస్తగిరి కూతురు. వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒకటే కాబట్టి ఆమె సంగతులు సగం నాకు అడగకుండానే తెలుస్తాయి. మిగతా సగం అడిగి తెలుసుకుంటాను.

చిన్నప్పుడు ఊగే పన్ను ఊడేదాకా ఆగలేక దారం కట్టి తనే పీక్కుంది. పెళ్లయ్యాక మొగుడు మహబూబ్ బాషా కువైట్‌లో డ్రైవరు పనికి పోయాడు. అతని ఉత్తరం వస్తే కవరు నిదానంగా చించే ఓపిక ఉండదు. పళ్లతో కొరికేది. ఒకసారి కవరుతో పాటు ఉత్తరంలో ఒక మూల కూడా కొరికేసింది. ఆ మూలలో ఏం రాశాడో తెలియక రెండు రోజులు ముఖం మాడ్చుకుంది.

"నెమ్మదిగా తీస్తే నీ సొమ్మేం పోతాది మ్మే?" అన్నాను.

"నెమ్మదిగా తీసేటప్పటికి ఆయప్పే ఊరికొచ్చేస్తాడు పెద్దమ్మా" అంది.

ఇలాంటి మనిషికి దేవుడు ఏ పని చూపించాలి? ఎదురుచూడడమే పనిగా ఉన్న ఉద్యోగం చూపించాడు.

పదహారేళ్ల వయసులో నర్సింగ్ హోము మెట్ల కింద గదిలో ఉన్న ల్యాబులో గాజు గొట్టాలు కడగడానికి చేరింది. అక్కడి మనిషి సెలవు పెట్టినప్పుడల్లా మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూసేది. చూసి చూసి, తర్వాత కడపకు పోయి పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, అదే ల్యాబులో టెక్నీషియన్ అయింది. నేను చెప్పబోయే సంగతి తొంభైల చివరిది. అప్పటికి ఆమెకు ముప్పై దాటాయి. ఇద్దరు ఆడపిల్లలు. మధ్యాహ్నం తిండి మరిచిపోతుంది కాబట్టి క్యారియర్ నేను పట్టుకుపోయేదాన్ని. క్యారియర్ ఒక సాకు అని మా కోడలు అంటుంది. ల్యాబులో ఏం జరుగుతుందో చూడాలని నాకూ ఉండేది. లేదని ఎందుకు చెప్పాలి?

చూసిందంతా అడిగేదాన్ని. నెత్తురులో క్రిమి చేరి జ్వరం వస్తే ఆ క్రిమి ఏదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. జబ్బు మనిషి నెత్తురు కొంచెం తీసి, మాంసం రసంలాంటిది పోసిన సీసాలో కలిపి, ఒంటి వెచ్చదనం ఉండే పెట్టెలో పెడతారు. క్రిమి ఉంటే ఆ రసం తాగి పెరుగుతుంది. పెరిగితే మూడో రోజుకు సీసా మబ్బుగా మారుతుంది. దాన్ని మళ్లీ ఒక పళ్లెంలో పూసి పెంచి, ఏ మందుకు చస్తుందో చూస్తారు. ఇదంతా అయ్యేసరికి నాలుగు రోజులు, ఒక్కోసారి ఐదు. అంతవరకు డాక్టర్లు ఏదో ఒక మందు పొడుస్తూ ఉంటారు. ఆ మందు తగిలిందా, మనిషి అదృష్టం. తగల్లేదా, రిపోర్టు వచ్చేసరికి మంచం ఖాళీ.

"మంచం ఖాళీ అయినాక రిపోర్టు ఎవురికి పెద్దమ్మా? గోడకు అంటించుకునేదానికా?" అనేది ఖైరూన్.

ఆమె లెక్క వేరు. క్రిమి అరగంటకొకసారి రెండింతలవుతుంది. సీసా కంటికి మబ్బుగా కనపడేదాకా ఎందుకు ఆగాలి? ముందే ఒక చుక్క తీసి, గాజు పలక మీద రంగు పూసి చూస్తే కనపడదా? కనపడిన వెంటనే ఆ సీసాలోని రసమే పళ్లెంలో పోసి, మందు అద్దిన కాగితం బిళ్లలు పెడితే రెండు రోజులు మిగలవా? అలాగే చేసి చూసుకునేది. తన నోటుబుక్కులో గంటలు రాసుకునేది. సగానికి పైగా సీసాలు మరుసటి రోజుకే జవాబు చెప్పేవి.

కానీ ఆ జవాబు ఎవరికి కావాలి? ల్యాబు సారు ఒప్పుకోడు. "పుస్తకంలో మూడు దినాలని ఉంటే మూడు దినాలే. నువ్వేమన్నా పుస్తకం రాసినోళ్లకు అత్తవా?" అనేవాడు. పైనున్న డాక్టరమ్మ కూడా ఒప్పుకోదు. దానికి ఖైరూన్ తప్పు కూడా ఉంది. ఒకసారి ఒక ముసలాయన సీసాలో గుండ్రటి క్రిములు కనపడ్డాయని పైకి పరుగెత్తి మందు మార్పించింది. అది ఆయన చర్మం మీది మైల, నెత్తురులోది కాదని తర్వాత తేలింది. అప్పటి నుంచి డాక్టరమ్మ ఆమెను చూస్తే, "ఏం ఖైరున్నీసా, ఈ పొద్దు ఏం పరుగు?" అని నవ్వేది. ఆ నవ్వుకు ఈమె ముఖం కళాయి పోయిన గిన్నెలా అయ్యేది. అయినా ఆగేది కాదు.

ఇక ఆ సోమవారం సంగతి.

ఆ రోజుల్లో మా దిక్కు పల్లెల్లో అన్నీ రెండేసి. రెండు పార్టీలు, రెండు టీ అంగళ్లు, గడ్డం గీసే మనుషులు ఇద్దరు. ఒక పార్టీ వాడు రెండో పార్టీ వాడి బస్సు ఎక్కడు. టౌనులో ఆస్పత్రులకు కూడా ఇది మనది, అది వాళ్లది అని గుర్తు ఉండేది. కేసుల్లో ఉన్న మగవాళ్లు దాక్కుని తిరిగేవాళ్లు. ఎదుటి పార్టీ వాళ్లు వాళ్ల జాడ పట్టుకోవాలంటే సులువైన దారి ఒకటే, ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో చూసి ఆ ఆస్పత్రి దగ్గర కాపు కాయడం. అందుకని అలాంటి ఇళ్ల వాళ్లు ఆస్పత్రిలో పేరు మార్చి రాయించేవాళ్లు. ఊరు కూడా మార్చేవాళ్లు. ఇది అందరికీ తెలుసు. డాక్టర్లకూ తెలుసు. ఎవరూ అడగరు.

సోమవారం పొద్దున ఒక బాలింతను జీపులో తెచ్చారు. కాన్పయి ఆరు రోజులు. ఒళ్లు కాలిపోతోంది, వణుకు. ఇరవై రెండేళ్లుంటాయి. పేరు కృష్ణమ్మ, ఊరు రాజుపాలెం అని రాయించారు. డాక్టరమ్మ నెత్తురు పరీక్షకు రాసింది. నర్సు అప్పటికే ఇంజెక్షను పట్టుకొచ్చింది. ఖైరూన్ అడ్డం నిలబడింది.

"ముందు నెత్తురు తీసుకోనీ సిస్టరూ. మందు పడినాక తీస్తే సీసాలో ఏం మొలుస్తాది, నీ తల మొలుస్తాది."

మధ్యాహ్నం ఒంటిగంటకు సీసా వెచ్చటి పెట్టెలోకి పోయింది. నేను క్యారియర్ ఇచ్చి, నర్సింగ్ హోము మెట్ల మీద కూర్చున్నాను. పక్కన ఆ బాలింత అత్త కూర్చుని ఉంది. నా ఈడు మనిషే. ఒళ్లో బిడ్డ నిద్రపోతోంది, ఒక చేత కదురు తిరుగుతోంది, ఉన్ని దారం వడుకుతోంది. నేను పుట్టింది గొర్రెల ఇంట్లోనే. చూస్తూ ఊరుకోగలనా?

"ఏం వదినా, మంద ఎంతుంది?"

"ఉంది. నూరు, నూట ఇరవై."

"రాజుపాలెంలో నల్లరేగడి నేల గదా, మేపేది యాడ?"

"యాడో ఒకతాట."

"కోడలిది ఏ ఊరు?"

"ఆ పక్కే."

"కొడుకు రాలేదే?"

ఆమె కదురు ఆపి నా ముఖంలోకి చూసింది. నాకు బుద్ధి రాలేదు. ఇంకో ప్రశ్న వేశాను. "మీ మందకు చెవికోత ఏంది వదినా?"

తెలియని వాళ్లకు చెప్పాలి. బయట మేసే మందలు కలిసిపోతే ఎవరివి ఎవరివో తెలియడానికి ప్రతి ఇంటివాళ్లు తమ గొర్రెపిల్లల చెవులు ఒక రకంగా కోస్తారు. ఇంటిపేరు లాంటిది అది. పేరు అడిగితే, ఊరు అడిగితే ఆమె జాగ్రత్తగా ఉంది. చెవి అడిగేసరికి ముఖం విప్పారింది.

"ఎడమ చెవికి కొస చీలిక, కుడి చెవికి వెనకపక్క రెండు గాట్లు. మా మామ తాత కాలం నుంచి అదే. ఆ కోత చూస్తే దొంగ గూడా తోలుకపోడు" అంది. 

అంతలో పైనుంచి పిలిస్తే వెళ్లిపోయింది.

మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి ఖైరూన్ ల్యాబు తెరిచింది. సీసాను క్యాలెండరు ముందు పెట్టి చూస్తే వెనక అంకెలు కొంచెం మసకగా కనిపించాయట. చుక్క తీసి, రంగు పూసి, చూసింది. పలక నిండా ఎర్రటి సన్నపుల్లలు. అవి చర్మం మీది మైల కాదు. సీసా పెట్టెలో పెట్టి పదహారు గంటలు. వెంటనే పళ్లెం తీసి, రసం పోసి, మందు బిళ్లలు వరసగా పెట్టి పెట్టెలో ఉంచింది. ఏ మందు పనిచేస్తుందో మధ్యాహ్నానికి తెలుస్తుంది. ఈ మాట చెప్పడానికి ఏడింటికి పైకి పరుగెత్తింది.

మంచం ఖాళీ.

మనిషి పోయిందేమో అనుకుందట. పోలేదు, లేచి వెళ్లిపోయారు. నాలుగు గంటలప్పుడు గేటు దగ్గర ఏదో జీపు నిలబడి ఉంటే, వెనక వాకిలి నుంచి బాలింతను దుప్పటిలో మోసుకుని పోయారని ఆయా చెప్పింది. చీటీలు కూడా తీసుకుపోలేదు.

డాక్టరమ్మ ఇంకా కాఫీ తాగుతోంది. "పేషెంటే లేకుంటే నేనేం చేసేది ఖైరున్నీసా? అయినా నీ కల్చర్ రిపోర్టు గురువారం గదా?"

"నాకు తెలిసేది ఈ పొద్దే మేడం."

"తెలిసి ఏం చేస్తావు? రాజుపాలెం పోతావా?"

ఆమె పోలేదు. సంగతి విని వచ్చిన నేను, రాజుపాలెం నుంచి పాలు పోయడానికి వచ్చే మనిషిని అడిగాను. రాజుపాలెంలో ఈ మధ్య కాన్పయిన కృష్ణమ్మలు ఎవరూ లేరన్నాడు. ఉండదని నాకు ముందే తెలుసు. ఖైరూన్ గది మధ్యలో నిలబడి చేతులు నలుపుకుంది. "జవాబు నా చేతిలో పెట్టుకొని ఉండా పెద్దమ్మా. ఇచ్చేదానికి మనిషి లేదు. ఇంత తొందరపడి నేనేం సాధించినట్టు?" అంది. ఆమె కళ్లల్లో నీళ్లు లేవు, కోపం ఉంది.

ఊరు పేరు అబద్ధం, మనిషి పేరు అబద్ధం. అలాంటి ఇంటి గురించి బస్టాండులో ఎవరినైనా అడిగితే, నువ్వెవరు, ఎవరు పంపించారు అంటారు. అడిగినవాళ్ల ఒళ్లు కూడా మిగలదు. కానీ గొర్రె చెవి గురించి అడిగితే ఎవరు ఏమంటారు? జమ్మలమడుగులో గొర్రెల దళారి బాలయ్య ఉన్నాడు. మా పుట్టింటి వైపు వాడే. చూసిన చెవి మరవడు. ఎనిమిది గంటల బస్సు ఎక్కాను.

బాలయ్య వేపపుల్ల నములుతూ అంగడి ముందు కూర్చుని ఉన్నాడు.

"ఏంది అత్తా, పొద్దున్నే ఈ పక్క?"

"ఒక పెంటి గొర్రెపిల్ల కావల్ల అప్పా. ఎడమ చెవి కొస చీలిక, కుడి చెవి వెనక రెండు గాట్లు. ఆ మందలోదే కావల్ల."

"ఆ మందే ఎందుకు?"

"మా నాయన ఎప్పుడో చెప్తాండె, ఆ మంద పిల్లలు రోగానికి ఆగుతాయని."

"మీ నాయనకు ఆ మంద గురించి ఏం తెలుసు? ఆయన బతుకంతా వేరే కోత గొర్రెలే మేపినాడు." బాలయ్య నవ్వి, పుల్ల ఉమ్మేశాడు. "అది ఓబమ్మోళ్ల మంద. కొండాపురం దిక్కు పల్లె. ఇప్పుడు కొనేదానికి పోవాకు అత్తా. ఆ ఇంట్లో గందరగోళం. కొడుకు సంజీవయ్య కేసులో ఉండాడు, ఇంటికి రాడు. మంద కూడా ఓబమ్మ తమ్ముడి దగ్గరికి తోలేసినారు."

"తమ్ముడిది ఏ ఊరు?"

"తుమ్మలపల్లె. ఏదొచ్చినా ఆయమ్మ ఆడికే పోతాది."

తుమ్మలపల్లెలో ఆస్పత్రి ఏముంది? జ్వరం మనిషిని తీసుకుని అక్కడికి పోతే చివరకు పులివెందులే. పెంటిపిల్లను తర్వాత చూస్తానని చెప్పి లేచాను. "అడిగేదానికి ఇంత దూరం వచ్చినావా?" అని బాలయ్య వెనక నుంచి అంటూనే ఉన్నాడు.

నేను ల్యాబుకు చేరేసరికి రెండయింది. ఖైరూన్ పళ్లెం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. డాక్టరమ్మ సోమవారం మొదలుపెట్టిన మందులు రెండూ పనికిరానివే. ఆ బిళ్లల చుట్టూ క్రిమి దట్టంగా పెరిగి ఉంది. వేరే రెండు బిళ్లల చుట్టూ మాత్రం తేటగా గుండ్రటి ఖాళీ. 

"పద పెద్దమ్మా, పులివెందులకు."

పోవడానికి బస్సు ఏది? ముద్దనూరు దగ్గర ఏదో పార్టీ వాళ్లు రాస్తారోకో మొదలుపెట్టారు, ఒక బస్సు అద్దాలు పగిలాయి, సాయంత్రం బస్సులన్నీ ఆపేశారు. ఎవరి జీపు అడిగినా ఆ దారిన రామన్నారు. టెలిఫోను చేద్దామంటే ఏ ఆస్పత్రికి చేస్తాం, ఏ పేరు చెప్తాం? ఖైరూన్ బస్టాండులో సిమెంటు దిమ్మె మీద కూర్చుని గంట గంటకూ లేచి కండక్టర్లను అడిగింది. ఆఖరికి ఒకాయన, "నువ్వు అడిగితే టైర్లు తిరుగుతాయా తల్లీ?" అని కసిరాడు. నేను బలవంతంగా ఇంటికి లాక్కొచ్చాను. ఎదురుచూడడం మీద ఆమె మనసులో ఎంత కసి ఉందో ఆ సాయంత్రం చూశాను. పిల్లలు అన్నం అడిగితే గిన్నె వాళ్ల ముందుకు తోసి వాకిట్లోకి పోయి నిలబడింది.

బుధవారం మొదటి బస్సుకు బయలుదేరాం. పళ్లెం మూతకు టేపు చుట్టి, టిఫిన్ బాక్సులో పెట్టుకుంది. పులివెందులలో మేము వెతికిన రెండో నర్సింగ్ హోము వరండాలోనే ఓబమ్మ కనిపించింది, చేతిలో అదే కదురు. నన్ను చూడగానే ఆమె ముఖం మూసుకుపోయింది. పక్కన తెల్లచొక్కా మనిషి ఒకడు బల్ల మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. వాళ్ల పార్టీ మనిషి. ఆస్పత్రికి జీపు ఇచ్చేది వాళ్లే, కాపలా వాళ్లే, ఏం మాట్లాడాలో చెప్పేదీ వాళ్లే.

ఖైరూన్ ఎవరినీ చూడలేదు. తిన్నగా డాక్టరు గదిలోకి పోయింది. వెనకే నేను. మా వెనక ఓబమ్మ, ఆమె వెనక తెల్లచొక్కా.

డాక్టరు వయసులో ఉన్న మనిషి. చెప్పిందంతా విన్నాడు, రిపోర్టు చీటీ చదివాడు. "ఇది కృష్ణమ్మ, రాజుపాలెం అని ఉంది. ఈడ ఉండేది గంగమ్మ, వేముల. నిన్న సాయంత్రం వచ్చినారు. ఏమ్మా ముసలమ్మా, ఇంతకుముందు యాడన్నా చూపించినారా?"

"లేదు సార్. ఇంటికాడ నుంచి సీదా ఈడికే వస్తిమి" అంది ఓబమ్మ.

"ఈమెను తెలుసా?"

"ఈమె ఎవురో మాకు తెలీదు."

డాక్టరు చీటీ ఖైరూన్‌కు తిరిగి ఇచ్చాడు. "చూడమ్మా, ఒకరి రిపోర్టు పట్టుకొని ఇంకొకరికి మందు మార్చేదానికి కుదరదు. నేను ఇంజెక్షన్లు నిన్న రాత్రే మొదలుపెట్టినా. రెండు దినాలు చూస్తే గానీ పనిచేసేది లేనిది తెలీదు. నెత్తురు కడపకు పంపించినా. శనివారానికి వస్తాది."

అప్పుడు నాకు సంగతి పూర్తిగా అర్థమయింది. బల్ల మీది చీటీలో మందుల పేర్లు చూసి ఖైరూన్ నా చెవిలో చెప్పింది, ఈయన పొడుస్తున్నవీ ఆ రెండు మందులే. సోమవారం నుంచి అవే పడుతున్నాయని తెలిస్తే మూడో రోజు అయినా జ్వరం దిగలేదని మార్చేవాడు. తెలియదు కాబట్టి ఆయన లెక్కలో ఇది మొదటి రోజు. ఆ ముసలామె అబద్ధం కోడలి జబ్బును రెండు రోజులు వెనక్కి నెట్టింది.

"సార్, అదే మనిషి సార్! నా చేత్తో నేనే నెత్తురు తీసినా. ఎడమ మోచేతికాడ నా సూది గుర్తు చూడండి" అంది ఖైరూన్.

"సూది గుర్తులు శానా ఉంటాయమ్మా."

"శనివారం దాకా ఆయమ్మ ఉండదు సార్!"

తెల్లచొక్కా మనిషి ముందుకొచ్చాడు. "ఏయ్, శకునం మాటలు మాట్లాడతాండావు. ఎవురు పంపించినారు మిమ్మల్ని? నడువు బయటికి."

నేను ఊరుకుంటానా? "ఎవురూ పంపించలేదు నాయనా. వదినా, ఒక్కమాట చెప్పు, నీ కోడలు గదా" అని ఓబమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె విదిలించి కొట్టింది. కోపం అంతా నా మీద విరుచుకుపడింది.

"నువ్వు నోరు మూయ్! నీ వల్లనే మాకు ఈ తిప్పలు. మెట్ల మీద కూర్చొని మంద ఎంత, కోడలిది ఏ ఊరు, కొడుకు రాలేదేమి, అన్నీ కూపీ లాగితివి. నువ్వు వాళ్ల మనిషివనే గదా మేము భయపడి తెల్లారక ముందే లేస్తిమి. ఆడ వదిలిపెట్టలేదు, ఈడ వదిలిపెట్టవా?"

డాక్టరు తల ఎత్తాడు. "ఆడ అంటే యాడ?"

ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. గేటు దగ్గర జీపు ఒక్కటే కాదు, నేను కూడా వాళ్లను తరిమాను. ఊరికే కూర్చోలేని నా నోరు ఆ పిల్లను మంచం మీద నుంచి లేపింది. ఈ మాట ఇన్నేళ్లయినా నాకు గుచ్చుకుంటూనే ఉంది.

"ముసల్దానికి మతి లేదు సార్" అన్నాడు తెల్లచొక్కా.

ఖైరూన్ అతన్ని పట్టించుకోలేదు. టిఫిన్ బాక్సు తెరిచి పళ్లెం తీసింది. డాక్టరుకు చూపలేదు, ఓబమ్మ ముందు పెట్టింది.

"అత్తా, చూడు. ఇది నీ కోడలి నెత్తురులో ఉండే పురుగు. ఈ బిళ్ల సోమవారం నుంచి పొడుస్తాండే మందు. చుట్టూ చూడు, గడ్డి ఎట్ల మొలిచిందో. ఈ పక్క బిళ్ల చూడు. చుట్టూ ఏమన్నా మిగిలిందా?"

ఓబమ్మ వంగి చూసింది. మంద మేసి పోయిన నేలకూ, గొర్రె నోరు పెట్టని నేలకూ తేడా ఆమెకు ఇంకొకరు చెప్పాలా? వేలితో ఆ తేట గుండ్రాన్ని తాకబోయి ఆగింది. 

"ఈ మందుతో కొట్టుకపోతాదా?" అని అడిగింది.

"పోతాది. ఇప్పుడు పొడిస్తే."

"ముందుది పొడిస్తా ఉంటే?"

ఖైరూన్ గడ్డి మొలిచిన బిళ్ల వైపు వేలు చూపించింది. ఓబమ్మ నడుం నిటారు చేసి డాక్టరు వైపు తిరిగింది.

"దాని పేరు చిన్నసుబ్బమ్మ సార్. నా కొడుకు సంజీవయ్య పెండ్లాము. సోమవారం ప్రొద్దుటూరులో ఈయమ్మే నెత్తురు తీసింది. అప్పటి నుంచి అవే సూదులు."

"ఏం మాట్లాడతాండావో తెలుసా నీకు?" తెల్లచొక్కా గొంతు పెంచాడు. "పేరు బయటపడితే రేపటికి ఈడ ఎవురెవురు కాపు కాస్తారో తెలుసా? జీపూ లేదు, మేమూ లేము. మీ తిప్పలు మీరు పడండి." చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

డాక్టరు లేచి పళ్లెం వెలుతురులో పెట్టి చూశాడు. ఇంకో ప్రశ్న వేయలేదు. పదకొండింటికి మందు మారింది.

శుక్రవారానికి జ్వరం దిగింది. ఆదివారం మేము మళ్లీ పోయాం. ఆ రోజు కొత్త నర్సు రిజిస్టరు పట్టుకొచ్చి, "నీ పేరేందమ్మా?" అని అడిగింది. ఏ పేరు చెప్పాలో తెలియక చిన్నసుబ్బమ్మ అత్త ముఖం వైపు చూసింది. "నీ పేరే చెప్పుకో లేమ్మే" అంది ఓబమ్మ. కడప నుంచి రిపోర్టు శనివారం కాదు, సోమవారం వచ్చింది. అందులో ఉన్నది ఖైరూన్ చీటీలో మంగళవారం ఉన్నదే. ప్రొద్దుటూరులో ల్యాబు సారు మాత్రం, మూడు రోజులు కాకుండా రిపోర్టు రాసినందుకు, సెలవు చెప్పకుండా పోయినందుకు ఆమెను నలుగురి ముందు తిట్టాడు. డాక్టరమ్మ విని, "ఈసారి నీ పరుగు తగిలిందే" అంది.

మనిషి బతికింది గానీ పూర్తిగా కాదు. ఆ మూడు రోజుల్లో ఒంట్లో నెత్తురు సరిగా ఆడక ఎడమకాలి వేళ్లు నల్లబడ్డాయి. మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. గొర్రెల వెంట గుట్టలు ఎక్కే కాలు అది.

కట్టు విప్పిన రోజు ఖైరూన్ అక్కడే ఉంది. చూసింది. వరండాలోకి వచ్చి ఓబమ్మ మీద విరుచుకుపడింది. ఎన్ని రోజులుగా దాచుకున్న కోపమో.

"పదహారు గంటలకు నేను కనుక్కుంటిని అత్తా. పదహారు గంటలు! సోమవారమే నిజం పేరు చెప్పింటే, మంగళవారం మధ్యాహ్నానికి మందు మారేది. ఆ పిల్లకు వేళ్లు ఉండేవి."

ఓబమ్మ కదురు పక్కన పెట్టింది. ఆమెకు కోపం రాలేదు. గొంతు కూడా పెంచలేదు.

"సోమవారం నా కొడుకు ఆ మంచం కిందనే ఉండాడమ్మా. బిడ్డను చూసేదానికి వచ్చినాడు. పేరు చెప్పింటే దానికి వేళ్లు ఉండేవి, వాడు ఉండేవాడు కాదు. బుధవారానికి వాడు దూరం పోయినాడు కాబట్టి నోరు తెరిస్తిని. ఇప్పుడు నేనే కబురు పంపించి పోలీసుల దగ్గర లొంగిపొమ్మన్నా. కడప జైల్లో ఉండాడు. ఆడన్నా బతికి ఉంటాడు."

ఖైరూన్ ఏదో చెప్పబోయింది. చెప్పలేదు. ఇన్నేళ్లలో మాటకు మాట అందించకుండా ఆమె ఆగింది అప్పుడే చూశాను. నేను కూడా ఏమీ అడగలేదు. ఇద్దరం బస్సు దాకా నడిచాం.

సీటులో కూర్చున్నాక నోటుబుక్కు తీసింది. ఆ సీసా గంటలు రాసుకున్న పేజీ తెరిచింది. కృష్ణమ్మ అని ఉన్న చోట గీత కొట్టి, చిన్నసుబ్బమ్మ అని రాసింది. బస్సు ముద్దనూరు దాటేదాకా ఆ పేజీ మూయలేదు.

"పద్నాలుగు గంటలకే చూసింటే కనపడేదేమో పెద్దమ్మా" అంది ఆఖరికి. "అప్పటికి వాళ్లు ఇంకా పైనే ఉండారు."